విశ్వవిద్యాలయ గ్రంథాలయములు – నూతన సేవలు: ఒక విమర్శ

ప్రయోగశాల లేని విజ్ఞానశాస్త్రమును ఊహింపలేము. అట్లే గ్రంథాలయము లేని పరిశోధనయు లేదు. ఒకరు చేసిన పనిని తెలిసికొనక మరియొకరు దానినే మరల చేసినచో కాలము, ధనము రెండును వ్యర్థమగును. కావున విశ్వవిద్యాలయ గ్రంథాలయములను ఆధునికము చేయుటకు జరుగుచున్న ప్రయత్నముల మేలును, లోపమును ఎంచి చూచుట అవసరము.

ఇందుకు తగిన కొలబద్ద మన దేశముననే కలదు. శియాలి రామామృత రంగనాథన్ (1892–1972) మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితశాస్త్రము బోధించుచుండిరి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులై, శిక్షణకై లండను వెళ్ళిరి. అచ్చట ఒక దుకాణములో మెకానో అను ఆటవస్తువును చూచిరి. కొద్దిపాటి బద్దలు, మరలు. వానినే పలురీతుల కూర్చినచో అనేక బొమ్మలు! గ్రంథ విషయమును సైతము ఇట్లే భాగములుగా విడదీసి, గుర్తులతో కూర్పవచ్చునని వారికి తోచినది. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణమునకు ఇదియే బీజము.

అంతకు రెండేండ్ల ముందు, 1931లో, వారు గ్రంథాలయ పంచసూత్రములను ప్రకటించిరి. వాని సారమిది: పుస్తకములు దాచుటకు గాక వాడుటకే, ప్రతి పాఠకునికి తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు దొరకవలెను, పాఠకుని కాలము ఆదా కావలెను, గ్రంథాలయము పెరుగుచుండు జీవి వంటిది.

ఇక నేటి సంగతి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము – ఒకే చందా’ అను పథకమును ఆమోదించినది. 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు 13,000. విద్యాసంస్థలు 6,300కు పైగా. పాఠకులు దాదాపు 1.8 కోట్లు. గాంధీనగరము నందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని సమన్వయపరచును. లెక్క వేసినచో తలకు ఏడాదికి సుమారు 1,100 రూపాయలు మాత్రమే. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికిని, కేంద్ర విశ్వవిద్యాలయ ఆచార్యునికిని ఒకే పత్రిక అందుట సామాన్య విషయము కాదు. రెండవ సూత్రము దృష్ట్యా ఇది మెచ్చదగిన పని.

కాని మూడవ, నాల్గవ సూత్రముల ముందు ఈ ఏర్పాటు తడబడుచున్నది. వెదకు విధము తెలియని విద్యార్థికి 13,000 పత్రికలు కీకారణ్యమే. రంగనాథన్ పాఠకులను అలమరల యొద్దకు రానిచ్చిరి. అంతతో తృప్తిపడక, పాఠకునికి స్వయముగా సాయపడుటయే గ్రంథాలయాధికారి ముఖ్య విధి యనిరి. నేనెరిగిన యొక కళాశాలలో ఈ పత్రికలు అందుబాటులోనికి వచ్చి నెలలు గడచినను, ఉపన్యాసకులలో పలువురకు ఆ సంగతియే తెలియదు. తగిన పదములతో వెదకుట, మంచి పత్రికను మోసపు పత్రికనుండి వేరుపరచుట, ప్రయోగ ఫలితములను భద్రపరచుట – ఇవి నేర్పు మనుషులు లేనిదే పరిశోధనకు సాయమెక్కడిది?

మరి రెండు లోపములు కలవు. చందా అద్దె వంటిది. గడువు పొడిగింపనిచో కొత్త సంచికలు రావు. పైగా పథకము ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించినది. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు దీని వెలుపలనే యున్నారు.

వారికి వేరొక దారి కలదు. సిద్ధాంత గ్రంథముల ప్రతులను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2009లో నిబంధన చేసినది. వానిని భద్రపరచు ‘శోధగంగ’ను ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. అయితే తెలుగు గ్రంథపుటలను కేవలము ఛాయాచిత్రములుగా ఉంచినచో కంప్యూటరు అందలి మాటలను వెదకలేదు. అట్టి గ్రంథము దొరకియు దొరకనట్లే. ఈ కొరతను తీర్చుట మన విశ్వవిద్యాలయముల బాధ్యత.

2027తో పథకపు మూడేండ్లు ముగియును. అప్పుడు కొన్న పత్రికలెన్ని యని మాత్రమే అడుగరాదు. ఏ కళాశాలలో ఎందరు చదివిరి, వారికి దారి చూపినదెవరు అని అడుగవలెను. గ్రంథాలయాధికారుల ఖాళీలను నింపి, వారికి శిక్షణ నిచ్చుటకు ఈ వ్యయములో కొంత భాగమైనను కేటాయించినచో, మిగిలిన ధనము సార్థకమగును.