దెబ్బకు ధర కట్టేదెవరు? ఫైటింగ్ గేమ్ అనిమే అయినప్పుడు

టెక్కెన్ ఆటలో నాలుగు బటన్లంటే నాలుగు అవయవాలు: ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. మిషిమా వంశం వాళ్ల పేరుమోసిన గుద్దు ‘ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్’ కొట్టాలంటే స్టిక్‌ను ముందుకు నెట్టి వదలాలి, కిందికి లాగాలి, అక్కడి నుంచి ముందుకు వాలుగా జరపాలి. ఆ వాలు పడిన ఫ్రేములోనే కుడి చేతి బటన్ నొక్కాలి. ఆట సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. అంటే ఆటగాడికి దొరికేది సెకనులో అరవయ్యో వంతు. కుదిరితే పిడికిలి చుట్టూ మెరుపు. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే మెరుపు లేని మామూలు గుద్దే మిగులుతుంది. దాన్ని ఎదుటివాడు కాచుకున్నాడంటే తిరిగి కొట్టే వంతు వాడిది.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల, సాగర్ రోడ్డు వెంట, మంగళ్‌పల్లి నుంచి శేరిగూడ దాకా ఇంజనీరింగ్ కాలేజీలే. వాటిలో చదివే కుర్రకారుకు అనిమే ఇప్పుడు అమ్మభాషలోనే దొరుకుతోంది. స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ కొన్ని సిరీస్‌లను తెలుగు డబ్బింగ్‌తో ఇస్తోంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగులో థియేటర్లకే వచ్చింది. ఇక ఆట ఆడినవాడూ, అనిమే మాత్రమే చూసినవాడూ ఒకచోట కూర్చుంటే వాదన తెగదు. “గేమ్‌లో ఉన్న మజా ఇండ్ల ఏడుంది భై?” అని ఒకడంటే, “కథ తెల్వకుండ కొట్టుకుంటే ఏమొస్తది?” అని ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే తేడా అసలు ఎక్కడుందో తెలియాలంటే కథను కాసేపు పక్కనపెట్టి ఒక్క దెబ్బను పట్టుకుని చూడాలి.

ఆటలో ప్రతి దెబ్బకూ ధర ఉంటుంది. స్ట్రీట్ ఫైటర్‌లో ర్యూ ‘షోర్యుకెన్’ వేసి గాల్లోకి లేచాడంటే, అది తగలకపోతే కిందికి దిగేంతవరకూ ఒళ్లంతా ఎదుటివాడికి అప్పగించినట్టే. ఆ భయం ఆటగాడి వేళ్లలో ఉంటుంది. అనిమే చూసేవాడి చేతిలో బటన్ లేదు. అందుకే భంగిమనూ, అరుపునూ, మెరుపునూ ఎంత అచ్చుగుద్దినట్టు గీసినా సగం పనే అవుతుంది. వేళ్లలో ఉన్న ఆ భయాన్ని కథలోకో, చోటులోకో, పాత్ర ఒంటి మీది గాయంలోకో మార్చాలి. మంచి అనుసరణకూ, ఊరికే బొమ్మలు కదిలించడానికీ తేడా అక్కడే.

దెబ్బ తగిలిందని చూసేవాడికి తెలియజెప్పడం పాత విద్యే. మన తోలుబొమ్మలాటలో భీముడూ దుర్యోధనుడూ తలపడేటప్పుడు, తెర వెనుక కళాకారుడు కాలికింది చెక్కను దబ్బున తొక్కుతాడు. తోలుకు తోలు తగిలితే వచ్చే చప్పుడు ఎంత? చెక్క చప్పుడుతోనే గద బరువెక్కుతుంది. ఫైటింగ్ గేమ్ అదే పనిని నిశ్చలంతో చేస్తుంది. గుద్దు తగిలిన క్షణంలో రెండు బొమ్మలూ కొన్ని ఫ్రేముల పాటు కదలకుండా ఆగిపోతాయి. దెబ్బ పెద్దదైతే ఆగడమూ పెరుగుతుంది. ఆడేవాడు ఆ ఆగడాన్ని గమనించడు, బరువును మాత్రం గుర్తిస్తాడు.

1991లో ఆర్కేడ్లకు వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను గిసబురో సుగీ 1994లో యానిమేషన్ సినిమాగా తీశాడు. ఈ కోవలో ఇప్పటికీ దాన్ని మించింది అరుదు. పోరాటాల కూర్పుకు కె-వన్ కిక్‌బాక్సింగ్ పోటీల స్థాపకుడు కజుయోషి ఇషీనీ, ఆ బరిలో పేరు తెచ్చుకున్న ఆండీ హగ్‌నీ పెట్టుకున్నారు. అందుకే అందులో కాలు లేచే ముందు నడుము తిరుగుతుంది, పడ్డవాడు వెంటనే లేవలేడు. మొదటి ఘట్టంలోనే ఉరుముల వానలో ర్యూ, సగాత్ తలపడతారు. షోర్యుకెన్ సగాత్ ఛాతీని చీలుస్తుంది. ఆటలో సగాత్ రొమ్ము మీద ఎప్పుడూ కనిపించే మచ్చ అదే. ఆటగాడు ఏళ్ల తరబడి చూసిన ఒక గీతకు సినిమా నెత్తురు పోసింది.

అంతకన్నా గొప్పది చున్‌లీ ఇంట్లో జరిగే పోరు. ఆటలో ఆమె, పంజాగోళ్ల వేగా ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ కదులుతారు. వేగా తన బరిలో వెనుక ఉన్న కంచె ఎక్కి మీదికి దూకుతాడు. సినిమాలో కంచె లేదు, ఇరుకు గది ఉంది. తప్పుకోవడానికి చోటు లేకపోవడమే అక్కడ ధర. పంజా ఒక్కో గీత గీస్తుంటే ఆమె ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో చూసేవాడే లెక్కగడుతుంటాడు. తెర పైన లైఫ్ బార్ లేకపోయినా మనసులో అది తరుగుతూనే ఉంటుంది. చివరికి వేగాను గోడ బద్దలై బయటపడేలా తన్ని, ఆమె కూడా స్పృహ తప్పి పడిపోతుంది. గెలిచిన మనిషి నిలబడలేకపోవడం, ‘కె.ఓ.’ అన్న అక్షరాలతో ముగిసే ఆట చూపించలేనిది.

2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘టెక్కెన్: బ్లడ్‌లైన్’ దారి వేరు. దానికి మూలం 1997 నాటి ‘టెక్కెన్ 3’. ఆ ఆటలో కథానాయకుడు జిన్ కథంతా మొదటి వీడియోలోనూ, ఆట ముగిశాక వచ్చే చిన్న వీడియోలోనూ ఇరుక్కుని ఉంటుంది: తల్లి జున్ ఓగర్ అనే రాక్షసుడి చేతిలో పోవడం, తాత హెయిహాచి దగ్గర చేరి నేర్చుకోవడం, చివరికి ఆ తాతే తుపాకీతో కాల్చడం. అనిమే దీన్ని ఆరు ఎపిసోడ్లకు విస్తరించింది. దెబ్బ తగిలినచోట ఆటలోలాగే నిప్పురవ్వలు ఎగురుతాయి. ఆడినవాళ్లు ఎత్తుల్ని పేర్లతో సహా గుర్తుపడతారు. మొదటి సగంలో ఈ పని చక్కగా కుదిరింది. తల్లి నేర్పిన కజామా పద్ధతి ఆత్మరక్షణకు, తాత నేర్పే మిషిమా పద్ధతి అణచడానికి. ఆటలో ఇవి ఎంచుకునే ఎత్తుల పట్టిక మాత్రమే. ఇక్కడ ఏ చెయ్యి లేపాలన్నా తల్లో తాతో తేల్చుకోవాలి. దెబ్బకు ధర ఇదిగో, కథలోంచే వచ్చింది.

టోర్నమెంటు మొదలయ్యాక మాత్రం పట్టు సడలింది. హ్వోరాంగ్, జియావ్‌యూ, పాల్, కింగ్, నీనాలతో పాటు, టెక్కెన్ 7లో గానీ పుట్టని లెరాయ్ స్మిత్‌ను కూడా తెచ్చారు. ఆరు ఎపిసోడ్లలో ఇంతమందికి చోటెక్కడ? వాళ్లు వస్తారు, తమ పేరుపడ్డ ఎత్తు ఒకటి చూపిస్తారు, పోతారు. హ్వోరాంగ్ తైక్వాండో కాళ్ల వేగం ఆటలో ఎదుటివాడికి ఊపిరాడనివ్వదు; అనిమేలో అది ఒక ప్రదర్శన. అభిమానులు తమకిష్టమైన పాత్ర కనిపిస్తే చాలనుకుంటారని నిర్మాతలు భావించినట్టుంది. ఆ అంచనా తప్పు. పాత్ర మీద ప్రేమ ఆ పాత్రతో ఓడిపోయి ఓడిపోయి నేర్చుకున్నందువల్ల పుడుతుంది, దుస్తుల వల్ల కాదు. 2013 నాటి ‘బ్లేజ్‌బ్లూ: ఆల్టర్ మెమరీ’ది ఇంకా ఇరుకు అవస్థ: రెండు ఆటల కథను పన్నెండు ఎపిసోడ్లలో కుక్కింది.

ఆటకూ అనిమేకూ మధ్య ఇది ఒకవైపు నుంచే సాగే బాకీ కాదు. 1994 సినిమా చివర్లో ర్యూ, కెన్ కలిసి విలన్ బైసన్‌ను ఎదిరిస్తారు. మరుసటి ఏడాదే వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా’లో ఆట తయారీ సంస్థ క్యాప్‌కామ్ ఆ ఘట్టాన్ని ‘డ్రమాటిక్ బ్యాటిల్’ పేరుతో దాచిపెట్టింది. ఇద్దరు ఆటగాళ్లు ఒకే పక్షాన నిలబడి కంప్యూటర్ ఆడే బైసన్ మీద పడొచ్చు. ఎప్పుడూ ఒకరి మీద ఒకరు పడే ఆటకు అది పెద్ద మార్పే.

ఇంకో గేమ్ సంస్థ ఆర్క్ సిస్టమ్ వర్క్స్ ఇంకా లోతుకు వెళ్లింది. 2014 నాటి ‘గిల్టీ గేర్ ఎగ్జర్డ్’లో, 2018 నాటి ‘డ్రాగన్ బాల్ ఫైటర్జ్’లో బొమ్మలన్నీ త్రీడీయే, కానీ చేత్తో గీసిన అనిమేలా కనిపిస్తాయి. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు కంప్యూటర్ నింపే నున్నటి కదలికను కావాలనే తీసేశారు. ప్రతి భంగిమనూ కొన్ని ఫ్రేములు నిలిపి, ఒక్కసారిగా తర్వాతిదానికి దూకించారు. ముఖం మీద నీడ ఎక్కడ పడాలో కూడా కళాకారులే దిద్దారు. చేత్తో గీసేవాళ్లు తక్కువ బొమ్మలతో వేగాన్ని పుట్టించే కిటుకును ఆట ఇలా తిరిగి నేర్చుకుంది.

సాగర్ రోడ్డు హాస్టల్లో ఈ వాదన మళ్లీ లేస్తే ఒక పని చేయొచ్చు. బ్లడ్‌లైన్ చూసిన కుర్రాడికి కంట్రోలర్ ఇచ్చి, ప్రాక్టీస్ మోడ్‌లో జిన్‌ను ఎంచుకోమనాలి. ఆ మెరుపు గుద్దు ఒక్కసారి పడేదాకా వదలొద్దు. ఆ తర్వాత బ్లడ్‌లైన్‌లో హెయిహాచి శిక్షణ ఘట్టాన్ని మళ్లీ చూపించి, ఈసారి ఏం కనిపించిందో అడగాలి.