స్టిక్కర్ల కింద ఏముంది?

జూన్‌లో బడులు తెరుస్తారనగా మా బంధువర్గంలో నాకు గిరాకీ మొదలవుతుంది. శుభలేఖ పంపడం మర్చిపోయినవాళ్లు కూడా అప్పుడు గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు. అడిగేది ఎప్పుడూ ఒకటే: "పిల్లకి ల్యాప్‌టాప్ కొనాలి. ముప్పై వేలలో మంచిదేదో చెప్పు." ఏదో ఒక మోడల్ పేరు చెప్పేస్తే వాళ్లకూ సుఖం, నాకూ సుఖం. చెప్పను. ఈ ధరలో మోడల్ పేరుకు పెద్ద విలువ లేదు. ఒకే పేరుతో, ఒకే అట్టపెట్టెలో నాలుగు రకాల సరుకు వస్తుంది. ఒకదాంట్లో ర్యామ్ ఎనిమిది జీబీ, ఇంకోదాంట్లో పదహారు. ఒకదాని తెర చూడముచ్చటగా ఉంటుంది, ఇంకోదాన్ని కాస్త పక్కనుంచి చూస్తే మనుషుల మొహాలు నల్లబడిపోతాయి. అందుకని పేరు చెప్పే బదులు ఎదురు అడుగుతాను: కొన్న తర్వాత మార్చుకోవడానికి వీల్లేనివి ఏమేం ఉన్నాయో చూశారా?

చవక ల్యాప్‌టాప్ కొనడంలో ఉన్న పనితనమంతా నా దృష్టిలో ఇదే. స్లాటు ఉంటే ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ నిండితే పెద్దది పెట్టుకోవచ్చు. బ్యాటరీ పోతే కొత్తది దొరుకుతుంది. తెర, కీబోర్డు, హింజ్‌లు, ప్రాసెసర్ మాత్రం అలా కాదు, వాటితో ఐదేళ్లు కాపురం చేయాల్సిందే. అమ్మేవాళ్ల వరస దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 512 జీబీ అని పెద్దక్షరాల్లో రాస్తారు, బ్యాగు ఉచితం అంటారు, మౌస్ ఉచితం అంటారు, ఏడాది యాంటీవైరస్ అంటారు. తెర ఎలాంటిదో మాత్రం ఆ స్టిక్కర్లలో దేని మీదా ఉండదు.

మా కాలనీ చివర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. ఏ రోజు వెళ్లినా అతని బల్ల మీద మూత విరిగింది ఒకటైనా కనిపిస్తుంది. ఓసారి కింది మూత విప్పి చూపించాడు. హింజ్ లోహంతో చేసిందే, చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకుని ఉండాల్సిన చిన్న ఇత్తడి నట్లు మాత్రం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా పెళ్లగించుకుని వచ్చేశాయి. ఒక్కో నట్టు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుందేమో. మూత తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ బరువంతా ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది. "ఒక మూల పట్టుకుని లేపుతారు సార్. మధ్యలో పట్టుకోండని చెప్తే ఎవరు వింటారు?" అంటూ అరాల్డైట్ కలిపాడు. ఎన్నాళ్లు ఆగుతుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అది చూసినప్పటి నుంచి షాపులో నేను చేసే మొదటి పని మూత లేపి దించడం. ఒక వేలితో లేస్తుందా, లేపుతుంటే కింది భాగం కూడా పైకొస్తుందా, హింజ్ పక్కన ప్లాస్టిక్ ఉబ్బుతుందా చూస్తాను. తర్వాత కీబోర్డు నడిమధ్యలో వేలితో నొక్కుతాను. చవకవాటిలో కొన్ని అక్కడ మెత్తగా కిందికి దిగుతాయి. షాపతను కంగారుపడతాడు. పడనివ్వండి.

తెర విషయంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక గీత మీద బుద్ధిగా నడుచుకుంటూ పోతాయి. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. 1366 బై 768 చుక్కల తెరలు చవక సరుకులో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. చిన్న అక్షరాల్లో 'రాష్ట్రం' అన్న మాటను వాటి మీద చదవండి. ట వత్తు, ర వత్తు కలిసిపోయి అక్కడొక మరక మిగులుతుంది. పదిహేనంగుళాల తెరకు 1920 బై 1080 లేకపోతే ఇంట్లో తెలుగు చదివేవాళ్ల కళ్లకు శిక్షే. చుక్కలొక్కటే చాలవు, పక్కనుంచి చూసినా రంగులు చెదరని ఐపీఎస్ ప్యానెలా కాదా అని కూడా అడగాలి. షాపులో ఆడించే నెమళ్ల వీడియో, జలపాతాల వీడియో ఆపించి తెలుగు పత్రిక పేజీ ఒకటి తెరిపించండి. కుర్చీలో కాస్త కిందికి జారి, తర్వాత పక్కకు జరిగి చూడండి. పిల్ల మంచం మీద పడుకుని చదివేది అలాగే.

ప్రాసెసర్ దగ్గరకొస్తే మన ఇళ్లలో 'ఐ5' అన్న మాటకు ఉన్న పరపతి అంతా ఇంతా కాదు. ఐ3 అంటే చిన్నచూపు. కానీ 2017లో వచ్చిన ఐ5-8250యూలో ఉన్నవి నాలుగు కోర్లు. 2022లో వచ్చిన ఐ3-1215యూలో రెండు పెద్దవి, నాలుగు చిన్నవి కలిపి ఆరు. స్కూలు పనుల్లో, ఇంటి పనుల్లో ఈ ఐ3 ఆ ఐ5ని వెనక్కి నెట్టేస్తుంది. పక్కనున్న నాలుగంకెలు చదవకుండా ఐ5 అన్న రెండక్షరాలకే అదనంగా డబ్బు కట్టేవాళ్లను చూస్తుంటాను.

ఏఎండీ వాళ్లు 2023 మోడళ్లకు పెట్టిన నంబర్లు ఇంకా ముచ్చటైనవి. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. చూడటానికి తేడా పదే. అసలు కిటుకు మూడో అంకెలో ఉంది. అక్కడ 2 ఉంటే లోపలున్నది 2019లో మొదలైన జెన్ 2 డిజైన్, 3 ఉంటే 2020లో వచ్చిన జెన్ 3. మొదటిదానికి నాలుగు కోర్లు, రెండోదానికి ఆరు. అంతటితో అయిపోలేదు. 7520యూ పనిచేసేది ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తో మాత్రమే. అది బోర్డుకు అతికించి వస్తుంది. ఎనిమిది జీబీది కొన్నారంటే ఎప్పటికీ ఎనిమిదే. కొనే ముందు ఈ ఒక్క అంకె చదవడానికి అర నిమిషం పట్టదు.

సెలెరాన్ గురించి ఎక్కువ చెప్పను. ఎన్4020 అని రాసి ఉంటే లోపల రెండే కోర్లున్నట్టు. 2023 మోడళ్లతో ఇంటెల్ సెలెరాన్, పెంటియం పేర్లను ల్యాప్‌టాప్‌ల నుంచి తీసేసి వాటి స్థానంలో ఉత్త 'ఇంటెల్ ప్రాసెసర్' అని పెట్టింది. పేరు చూస్తే భయం వేస్తుంది కానీ, అందులో ఎన్100 రకానికి నాలుగు కోర్లున్నాయి. హైస్కూలు పిల్లల టైపింగుకీ, వీడియో పాఠాలకీ అది సరిపోతుంది. స్టోరేజీ దగ్గర ఈఎమ్‌ఎమ్‌సీ అని రాసి, పక్కన 64 జీబీ అని ఉంటే మాత్రం ఆ సరుకు అక్కడే వదిలేసి రండి. అదీ బోర్డుకు అతికించిందే. విండోస్ అప్‌డేట్లకే చోటు చాలక ఏడాది తిరక్కుండా మొండికేస్తుంది.

నాలుగు జీబీ ర్యామ్ ఉంటే విండోస్ 11 నడుస్తుందని మైక్రోసాఫ్ట్ కనీస అర్హతల్లో ఉంది. ఆన్ అవుతుంది, నిజమే. బ్రౌజర్‌లో ఆరు ట్యాబులు, పక్కన జూమ్ క్లాసు పెట్టి చూస్తే అర్థమవుతుంది ఆ అర్హత ఎంతో. ఎనిమిది ఉండాలి, ఇంకో స్లాటు ఖాళీగా ఉంటే మరీ మంచిది. "ఇప్పుడు ఎనిమిది తీసుకుని, చవకయ్యాక పెంచుకోండి" అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల ఆకలికి మెమరీ చిప్‌ల ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. దాంతో ఇప్పుడా సలహాలోంచి 'చవకయ్యాక' అన్న మాట తీసేశాను. స్లాటు ఉండాలన్న మాట మాత్రం తీయలేదు.

సూర్యాపేట నుంచి మా వదిన కూతుర్ని తీసుకుని వచ్చినప్పుడు వాళ్లను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. మనవాళ్లు సీటీసీ అంటారు. పిల్ల తొమ్మిదో తరగతి, సీబీఎస్‌ఈ. రేపు పదకొండులో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్, మైఎస్‌క్యూఎల్ ఉంటాయి. ఇంజనీరింగ్ వైపు వెళ్తే జేఈఈ మెయిన్ అయినా, ఈఏపీసెట్ అయినా కంప్యూటర్ ముందు కూర్చుని రాసేవే కాబట్టి మాక్ టెస్టులు కావాలి. వీటిలో ఏదీ బరువైన పని కాదు. వదిన చేతిలో ఉన్నది ఇరవై రెండు వేలు. ఆ డబ్బుకు వచ్చే కొత్తవన్నీ నేనిందాక వదిలేసి రమ్మన్న రకాలే. అందుకని కంపెనీల్లో లీజు తీరి బయటికొచ్చిన పాత సరుకు చూపించమన్నాను.

"ఏందయ్యా, కొత్తది ఇప్పిస్తవనుకుంటే ఎవరో వాడి పారేసింది చూపెడుతున్నవ్" అంది వదిన.

"పారేసింది కాదు వదినా. కొత్తగా ఉన్నప్పుడు దీని ధర మనం అందుకోలేనిది."

షాపతను థింక్‌ప్యాడ్ టీ480 బయటికి తీశాడు. 2018 మోడల్. నల్లగా, మొరటుగా ఉంది. పిల్ల మొహం ముడుచుకుంది. కీబోర్డు మీద వేళ్లు పెట్టి నాలుగు లైన్లు కొట్టాక ఏమీ అనలేదు. ఈ వయసు సరుకు కొనేటప్పుడు ఒక గీత గుర్తుంచుకోవాలి: ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైన. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది అక్కడి నుంచే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆరో తరం, ఏడో తరం మిషన్లలో కూడా ఏదో దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లుంటారు. వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఐ5 తర్వాత వచ్చే నంబరు 8తో మొదలవుతోందా అని పిల్లనే చూడమన్నాను. 8250. సరే.

ఆ తర్వాత పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్టు తీయించాను. సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ములకు పూసిన రంగు చూడడు, నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పాత ల్యాప్‌టాప్‌కు పళ్లు ఈ రిపోర్టులో ఉంటాయి. టీ480లో బ్యాటరీలు రెండు, ఒకటి లోపల, ఒకటి వెనకాల. రిపోర్టులో రెండింటికీ రెండేసి అంకెలు: తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే ఎంత పడుతోంది. లోపలిది 24 వాట్ అవర్లకు ఇంకా 20 దాకా పడుతోంది. వెనకాలది సగానికి దిగిపోయింది. షాపతను మారుమాట్లాడకుండా మిషన్ తిరగేసి, రెండు గొళ్లేలు పక్కకు జరిపి దాన్ని లాగేసి, సొరుగులోంచి ఇంకోటి తెచ్చి పెట్టాడు. స్క్రూడ్రైవర్ అవసరం పడలేదు. వదిన మనసు మారింది అక్కడే అనుకుంటాను. ర్యామ్‌కు స్లాట్లు రెండూ ఉన్నాయి. దీని తర్వాతి టీ490లో ఒకటి బోర్డుకు అతికించేశారు, కాబట్టి నంబరు పెరిగితే మంచిదనే సూత్రం కూడా చెల్లదు. బిల్లు, మూణ్ణెల్ల వారంటీ కాగితం మీద రాయించుకుని బయటపడ్డాం. తెర ఐపీఎస్సే కానీ వెలుతురు తక్కువ, కిటికీ పక్కన కూర్చుంటే కష్టం. బరువు కూడా ఉంది. ఈ రెండూ ముందే చెప్పాను.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తాడని ఆగేవాళ్లుంటారు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అడాప్టర్ మన కరెంటుకు పనికొస్తుంది, పిన్ను మారిస్తే చాలు. వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది అక్కడ కొనే ముందే అడగమనండి. క్రోమ్‌బుక్ సంగతి కూడా అడుగుతారు. 2021 నుంచి వచ్చిన వాటికి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ చెప్పింది, అది మంచి మాటే. బడిలో విండోస్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడిస్తున్నారేమో కనుక్కుని అప్పుడు ఆలోచించండి.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులను మాత్రం ముందుగా ఒక మాట అడుగుతాను: కాలేజీ రెసిడెన్షియలా? హాస్టల్లోకి ఫోనే రానివ్వనివాళ్లు ల్యాప్‌టాప్ రానిస్తారా? అది దసరా సెలవుల దాకా బీరువాలో ఉంటుంది, ఈలోగా వారంటీ కరిగిపోతుంది. రెండేళ్లు ఆగి, ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు కొనమంటాను. పదిమందిలో ఒక్కరు వింటారు.

ఇంకొక సలహా ఉంది, దాన్ని ఆ ఒక్కరు కూడా వినరు. చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ కదలదు. అదే బల్ల, అదే మూల, చార్జర్ ఎప్పుడూ గోడకే. అలాంటి ఇంటికి కంపెనీల నుంచి వచ్చిన పాత చిన్న డెస్క్‌టాప్ చాలు. థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో లాంటివి మానిటర్ వెనకాల దాక్కునేంత చిన్నవి. హింజ్ లేదు, విరగదు. తెర నచ్చకపోతే తెర ఒక్కటే మార్చుకోవచ్చు, కీబోర్డు కూడా అంతే. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి చిన్న యూపీఎస్ ఖర్చు అదనం. ఖమ్మంలో ఉండే మా మేనమామకు మొన్న ఫోన్లో ఇదంతా విడమరిచి చెప్పాను. మనవడి కోసం అడిగాడాయన. ఓపిగ్గా మొత్తం విన్నాడు. "అంతా బాగానే ఉందిరా. కానీ వాడికి ల్యాప్‌టాప్ అని చెప్పేశాను. మళ్లీ డబ్బా తెచ్చిపెడితే ఊరుకుంటాడా? నువ్వు ఆ ఐ5దేదో చెప్పు" అన్నాడు.