పట్టీ కట్టే చేతిలోనే సగం వైద్యం

అధిక రక్తపోటుకు వైద్యం ఒక అంకెతో మొదలవుతుంది. ఆ అంకెను చాలాచోట్ల రాసేది నర్సు. పట్టీ చుట్టి, అంకె రాసి పంపడం పైపై పని అనీ, అసలు వైద్యమంతా డాక్టరు చీటీలోనే ఉందనీ మనలో చాలామంది అనుకుంటారు. బీపీ విషయంలో ఈ లెక్క తలకిందులు. చీటీ రాయడానికి రెండు నిమిషాలు చాలు. దాని ముందూ వెనకా ఉన్న పని నర్సింగుది, ఆ పని చెడితే చీటీ కూడా చెడుతుంది.

1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి గాలి పట్టీ చుట్టి, పాదరసం మట్టంతో ఒత్తిడి కొలిచాడు. 1905లో రష్యా సర్జన్ కొరొట్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్లు వినడంతో పై అంకె, కింది అంకె రెండూ చిక్కాయి. నర్సింగు విద్యలో ఇప్పటికీ నేర్పే పద్ధతికి మూలం ఇదే. రోగి మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆన్చి, పాదాలు నేలమీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. అంతకు ముందు అరగంట కాఫీ, సిగరెట్టు కూడదు. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది అందకుండా పోయిన చోటు నుంచి మరో 30 మిల్లీమీటర్లు పైకి గాలి కొట్టాలి. ఆ తర్వాత సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదులుతూ వినాలి. ఇదంతా చాదస్తంగా కనిపించవచ్చు. కానీ జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2024లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, చేతిని బల్లమీద గుండె ఎత్తున ఆన్చకుండా పక్కకు వేలాడదీస్తే పై అంకె సగటున ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కువ చూపింది. అంతకు ముందు ఏడాది వాళ్లే చేసిన మరో అధ్యయనంలో, బాగా లావైన చేతికి మామూలు పట్టీ చుడితే తేడా దాదాపు 20 వచ్చింది. 140/90 దగ్గర జబ్బు ఉందో లేదో తేల్చేచోట 20 అంటే లేని రోగానికి ఏళ్ల తరబడి బిళ్ళలు.

అంకె సరిగ్గా వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. బీపీకి నొప్పి లేదు. అందుకే "తగ్గింది కదా, ఇంకా బిళ్ళలెందుకు?" అని మానేస్తారు. అమ్లోడిపిన్ వేసుకునేవారిలో కొందరికి చీలమండలు వాస్తాయి. ఎనలాప్రిల్ లాంటి మందులతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఇది మందువల్లే, డాక్టరు మార్చగలరు అని చెప్పేవాళ్లు లేకపోతే రోగి తనంతట తాను మందే ఆపేస్తాడు. ఉప్పు సంగతీ అంతే. రోజుకు 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, కానీ గ్రాములు చెబితే మన వంటింట్లో ఎవరికి తెలుస్తుంది? మంచి నర్సు ఊరగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు వారంలో ఎన్నిసార్లని అడుగుతుంది. వంట చేసేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుతుంది. వయసు మళ్లినవారిని నిలబెట్టి మళ్లీ బీపీ చూస్తుంది. పై అంకె 20 పడిపోతే, మందు ఎక్కువైందేమోనని డాక్టరుకు చెబుతుంది. కళ్లు తిరిగి పడి తుంటి ఎముక విరగకుండా కాపాడేది ఒక్కోసారి ఆ పరీక్షే. ఇలాంటి పనికి ఫలితం ఉందా అంటే ఉంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూసి సలహాలిచ్చిన పరిశోధన 2020లో వెలువడింది. మామూలు వైద్యం అందినవారికంటే వీరిలో పై అంకె సగటున 5 మిల్లీమీటర్లు ఎక్కువగా తగ్గింది.

డిజిటల్ మిషన్ వచ్చాక ఈ నేర్పు ఎందుకంటారు కొందరు. మిషన్ పట్టీలో ఒత్తిడి అలలను పసిగట్టి లెక్కగడుతుంది, అంతే. పట్టీ కొలత ఎంచదు, రోగి మెట్లెక్కి వచ్చాడని గ్రహించదు, గుండె లయ తప్పితే దాని అంకెను నమ్మలేం. రెండో అభ్యంతరం బరువైనది: ఓపీ నిండా జనం ఉంటే ఐదు నిమిషాలు ఎక్కడివి? నిజమే, కానీ ఆ ఐదు నిమిషాలు నర్సువి కావు, రోగివి. వరుసలో నిలబెట్టే బదులు కుర్చీలు వేస్తే చాలు. మిగతాది సిబ్బంది కొరత. దానికి నర్సును నిందించి లాభం లేదు. కావలసింది ఏర్పాటు: 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమాన్ని తొలి విడతలోనే అందుకున్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. రోగికొక కార్డు, ఇంటికి దగ్గరలో మందులు, రాకపోతే వెంటపడి పిలవడం, ఇదే దాని పద్ధతి. ఇక నర్సు తన హద్దు దాటుతుందన్న భయం. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు ఉంటే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పంపడం, నాలుక కింద బిళ్ళ పెట్టి బీపీని ఒక్కసారిగా దించే పాత అలవాటును అడ్డుకోవడం ఆమె విద్యలో భాగమే. హద్దు తెలిసినవాళ్లే ఆ పని చేయగలరు.

కాబట్టి, బీపీ చూసే ముందు నర్సు కాసేపు కూర్చోమంటే విసుక్కోకండి. ఆమె కూర్చోమనకపోతే, మీరే అడిగి కూర్చోండి.