కిలోమీటరు ఎవరి కాళ్ళతో కొలిచారు?

బడి దూరం అనగానే ఏజెన్సీలో పుట్టిన మనకు కొండబాట గుర్తొస్తుంది. మధ్యలో వాగు, వాగు పొంగితే ఆ రోజుకు బడి లేదు. కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలవలు, తారురోడ్లు గుర్తొస్తాయి. అక్కడి పిల్లలకు బడికి పోవడం కూడా ఒక కష్టమేనా అని మేమూ అనుకున్నాం. కానీ కూనవరం దగ్గర శబరిని కలుపుకుని పోయే మన గోదావరే ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి అక్కడి లంకలను చుట్టుకుంటుంది. మన వాగులు పొంగిన కొద్ది రోజులకే అక్కడ కాజ్‌వేలు మునుగుతాయి. పిల్లల బడి ప్రయాణం ఎంత ఉండాలో నిర్ణయించే పద్ధతిలో ఉన్న తప్పు కొండమీద కన్నా ఆ చదును నేలమీదే బాగా కనబడుతుంది. అందుకే ఈ వ్యాసానికి కోనసీమను తీసుకున్నాం.

ముందు రూలు చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. దాని కింద కేంద్రం చేసిన నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు నడిచిపోగలిగే బడి ఉండాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏ దూరమూ చెప్పలేదు, ఎందుకంటే చట్టం పద్నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఈ రూలును మేం తీసిపారేయడం లేదు. బడి దగ్గరలో కావాలని అడగడం అంతకుముందు బతిమాలడం, ఇప్పుడు హక్కు. మా విమర్శ కొలత మీద. ఆ కిలోమీటరును ఎవరి కాళ్ళతో, ఏ నెలలో కొలిచారు?

పి.గన్నవరం మండలంలో జి.పెదపూడిలంక, బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట అనే లంక ఊళ్ళున్నాయి. నీళ్ళు తగ్గిన కాలంలో వశిష్ఠ పాయకు అడ్డంగా వేసిన తాత్కాలిక బాట మీద జనం రాకపోకలు సాగిస్తారు. వరద మొదలుకాగానే ఆ బాట తెగిపోతుంది. ఆ రోజు నుంచి పడవే దిక్కు. మ్యాపులో దూరం మారదు. పిల్లకు మాత్రం ఇంటి నుంచి రేవుకు నడక, పడవ కోసం ఎదురుచూపు, ఏరు దాటడం, బురదలో గట్టెక్కడం, మళ్ళీ నడక. ఇందులో నడక ఒక్కటే కిలోమీటర్ల లెక్కలోకి వస్తుంది. మిగిలినదంతా పిల్ల నిద్రలోంచి, ఆటలోంచి, తల్లి కూలిపనిలోంచి పోతుంది.

దీని చివరి ఖరీదు ఎంతో కోనసీమకు తెలుసు. 2018 జులై 14న పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలున్న నాటుపడవ బోల్తా పడింది. ఆరుగురు విద్యార్థినులు, ఒక మహిళ గల్లంతయ్యారు. పడవ తగిలింది అక్కడ కడుతున్న వంతెన స్తంభానికి. ప్రయాణాన్ని తగ్గించడానికి కడుతున్న వంతెన అది. అది పూర్తయ్యేదాకా పిల్లలు ఎలా దాటాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరి పనీ కాలేదు.

ఇక్కడ ఒక విషయం టీచర్లు గమనించాలి. ఆ నియమాల్లోనే ఇంకో మాట ఉంది. వరదలు, కొండచరియలు విరిగిపడే భయం, దారిలేని చోట్లు, చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో ఆ దూరాలను ఇంకా తగ్గించి బడి పెట్టాలని అందులో ఉంది. బడి పెట్టలేనంత చిన్న గూడేలకు ఉచిత రవాణా, వసతి లాంటి ఏర్పాట్లు చేయాలనీ ఉంది. కిలోమీటరు అందరికీ గుర్తుంది. దాన్ని తగ్గించాలన్న మాట మన అర్జీల్లో కూడా కనపడదు. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న పై బడులకు తరలించారు. అప్పుడూ కిలోమీటరునే చూశారు. ఆ కిలోమీటరులో ఏముందో చూడమని తల్లులు చాలా ఊళ్ళలో రోడ్డెక్కి అడగాల్సి వచ్చింది. ఆ జీవో 2025లో రద్దయింది. జీవో పోయినా కొలత అలాగే ఉంది.

అవతలి వాదనను దాటేసి పోవడం న్యాయం కాదు. ఎనిమిది మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒకే టీచరు ఉన్న బడిలో చదువు ఏం సాగుతుందని అడుగుతారు. నిజమే. దగ్గరగా ఉన్నంత మాత్రాన అది బడి అయిపోదు. ఏకోపాధ్యాయ బడుల్లో చదివిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ దానికి మందు పిల్లలను ఏరు దాటించడమేనా? ఇరవై మంది పిల్లలు ఇటు దాటే బదులు ఇద్దరు టీచర్లు అటు దాటవచ్చు. వాళ్ళకు ఊళ్ళో ఉండడానికి ఇల్లు, దాటడానికి మంచి పడవ, లైఫ్ జాకెట్ అడగడం మన బాధ్యత. టీచరు ప్రాణమూ ప్రాణమే.

మనకు చూపించే రెండో మందు హాస్టలు. మూడో తరగతికే పిల్లను ఆశ్రమ పాఠశాలలో చేర్పిస్తే రోజూ నడిచే పని ఉండదంటారు. కాగితం మీద ఆ పిల్ల బడి దూరం సున్నా. పిల్ల లెక్కలో ఇల్లు దసరాకో సంక్రాంతికో వచ్చే ఊరు. ఆశ్రమ పాఠశాలలు లేకపోతే మనలో చాలామంది ఈ అక్షరాలు రాసేవాళ్ళం కాదు, ఆ రుణం కాదనం. కానీ ఎనిమిదేళ్ళకే అమ్మ భాష వినపడని చోట పడుకోవడం కూడా దూరమే. పెద్ద తరగతులకు హాస్టలు ఒక దారి. చిన్న తరగతులకు అది బడి పెట్టకపోవడానికి సాకు కాకూడదు.

విమర్శ మన మీద కూడా ఉంది. మన సన్మాన సభల్లో, జీవిత కథల్లో ఒక మాట తరచుగా వస్తుంది: రోజూ పది కిలోమీటర్లు నడిచి చదివాను, వాగు ఈది చదివాను అని. చప్పట్లు కొడతాం. అలా నడిచి గెలిచినవాళ్ళకు మైకు దొరుకుతుంది. అదే బాటలో ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఆగిపోయినవాళ్ళు ఆ సభకు రారు. వాళ్ళలో ఆడపిల్లలు ఎంతమందో మన గూడెంలోనే లెక్కపెట్టుకోవచ్చు. ఈడొచ్చిన పిల్ల చీకటి పడ్డాక ఇంటికి రావడం చూడలేక మాన్పించిన తల్లిని చదువు విలువ తెలియనిదంటాం. ఆమె దూరాన్ని సరిగ్గానే కొలిచింది, మనమే కొలవలేదు. నడకను గొప్పగా చెప్పినకొద్దీ బడి దగ్గరలో కావాలని అడిగేవాడు బద్ధకస్తుడిలా కనపడతాడు.

మరి ఎంత ఉండాలి? మా అభిప్రాయం ఇది. ఐదో తరగతి దాకా పిల్ల కాళ్ళతో అరగంట, అందులో ఏరు గానీ వాగు గానీ దాటకూడదు. ఆరు నుంచి పది దాకా గుమ్మం నుంచి గుమ్మానికి, పడవకో బస్సుకో ఎదురుచూసే సమయం కూడా కలుపుకుని, గంట. ఏ తరగతి అయినా పొద్దు ఉండగా ఇంటికి చేరాలి. దీన్ని వేసవిలో బండి మీద కొలవకూడదు. జులైలో, బడిలో అందరికన్నా చిన్న పిల్లతో, ఆమె సంచి ఆమె వీపునే ఉంచి, ఆమె నడిచినట్టే నడిచి కొలవాలి.

ఈ పని టీచర్లూ యువకులూ చేయగలరు. వానాకాలంలో ఒక రోజు, చలికాలంలో ఒక రోజు పిల్లల వెంట నడవండి. బయల్దేరిన సమయం, ఆగిన చోట్లు, దాటిన నీళ్ళు, ఇల్లు చేరిన సమయం ఒక పుస్తకంలో రాయండి. పాఠశాల యాజమాన్య కమిటీలో ఆ పుస్తకం చదివి తీర్మానం చేయించండి, దూరం తగ్గించాలన్న నియమాన్ని అందులో చేర్చండి. కోనసీమలో ఐటీడీఏ లేదు. అక్కడ ఊళ్ళ చివర చెదురుగా బతికే ఎరుకల కుటుంబాలకు అడిగిపెట్టేవాళ్ళూ తక్కువే. లంకల పిల్లలది, వాళ్ళది, మన గూడేలది ఒకే అర్జీ కావాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఒక్కో ఊరి నుంచి ఒక్కో పుస్తకం మన చేతిలో ఉంటే, ఆ తర్వాత దూరం గురించి ఎవరు మాట్లాడినా ఆ పుస్తకం చూసే మాట్లాడాల్సి వస్తుంది.