పేర్లు పడేటప్పుడు

సినిమా హాలుకు ఆలస్యంగా వచ్చినవాడు గేటు దగ్గర అడిగే మొదటి మాట: "పేర్లు పడ్డయా?" పడ్డాయంటే బాధ లేదు, కథ మొదలు కాకుంటే చాలు. కిష్టారెడ్డిపేట నుంచి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల నుంచి షిఫ్టు దిగి సినిమాకు పోయేవాళ్ల లెక్క ఇదే. ఆ పేర్లలో మనోళ్లు ఉండరు గనక పోయేదేమీ లేదు. కానీ దళిత విమర్శ ఆ రెండు మూడు నిమిషాలను వదిలేయడానికి వీల్లేదు. ఊరి పేరులోనే ఒక రెడ్డిని మోస్తున్నవాళ్లకు పేర్ల రాజకీయం తెలియనిదా?

టైటిల్స్‌కు ఒక వరస ఉంది. దేవుడి పటం, సమర్పించేవారు, తర్వాత హీరో. హీరో ఒక్కడికే ఒక కార్డు, చిన్న నటులు పదిమందికి కలిపి ఒక కార్డు. పాత సినిమాల్లో శబ్దం ఏ కంపెనీ యంత్రం మీద ఎక్కించారో కూడా వేసేవాళ్లు: వెస్ట్రెక్స్, ఆర్.సి.ఎ. అని. యంత్రానికి దక్కిన ఆ చోటు లైట్లు మోసినోడికి దక్కలేదు. షూటింగుకు ఊరిచ్చిన జనమంతా 'గ్రామ ప్రజలకు కృతజ్ఞతలు'లో ఇమిడిపోవాలి. రావులు, రెడ్లు, చౌదరులు, శాస్త్రులు తెర మీద పడుతుంటే వెనక డప్పు మోగుతుంటది. సంగీత దర్శకుడి పేరు పడుతుంది, డప్పు కొట్టినోడి పేరు పడదు.

1938లో వచ్చిన 'మాలపిల్ల'ను సంస్కరణ సినిమా అని ఇప్పటికీ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే, కాదనను. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మానిది, సారథి సంస్థ వెనక డబ్బు చల్లపల్లి జమీందారుది. మాల అన్న మాట సినిమా పేరులో ఉంది, ఈ పేర్లలో లేదు. మన బతుకు కథకు పనికొచ్చింది, మన చెయ్యి పనికి రాలేదు.

ఇప్పుడు చిన్న పనివాళ్ల పేర్లూ వేస్తున్నారు, సినిమా అయిపోయాక. అప్పటికి తలుపులు తెరిచి, లైట్లు వేసి, జనం మెట్లు దిగుతుంటారు.

1980లో విడుదలైన 'మా భూమి'ని మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు. గౌతమ్ ఘోష్, బి.నర్సింగరావు పేర్లు చరిత్రకెక్కాయి. తెర మీద పాడిన గద్దర్ కులం తోక లేని పేరు తనే పెట్టుకున్నాడు. మరి కెమెరా ముందు నడిచిన ఊరోళ్లు? వాళ్లలో బతికున్నవాళ్లు ఇప్పుడు ముసలోళ్లు. సినిమా మీద పరిశోధన చేసే మన విద్యార్థులు ముందు ఆ ఊరికి పోవాలి, వాడ వాడకూ తిరిగి పేర్లు రాసుకురావాలి.