మిత్స్కియేవిచ్ ‘జ్యాదీ’ కావ్యమందలి చిరుప్రాణులు

మృతులను స్మరించు ఆచారము లేని జాతి లోకమున లేదు. ఆ యాచారమును మూఢతయని త్రోసివేయవలెనా, పూర్వులు చేసిరి గావున ప్రశ్నింపక చేయవలెనా యను వివాదము సంస్కారాభిలాషులగు మన కుటుంబములలో నేటికిని తెగలేదు. ఈ వివాదమునే రెండువందల యేండ్లక్రిందట నొక పోలిష్ కవి తన నాటకకావ్యమునందెత్తికొని, ఉభయపక్షములకును పూర్ణతృప్తి కలిగింపకున్నను ఉభయులును వినదగిన సమాధానమొకటి చెప్పియున్నాడు. ఆ సమాధానమును పండితులనోట గాక పసిపిల్లలనోటను, పక్షులనోటను, కొయ్యదొలుచు పురుగునోటను పలికించుటయే యా కావ్యమందలి విశేషము. దానినే యిచట విమర్శింపదలచితిమి.

ఆదామ్ మిత్స్కియేవిచ్ 1798లో నొవొగ్రూదెక్ ప్రాంతమున జనించెను. ఆ ప్రాంతము నేడు బెలారూస్ దేశములోనిది. అతడు పుట్టుటకు మూడేండ్లు ముందే, 1795 నాటికి, రష్యా ప్రష్యా ఆస్ట్రియాలు పోలండును పంచుకొని ఆ రాజ్యమును భూపటమునుండి తుడిచివేసియుండెను. విల్నా విశ్వవిద్యాలయమున చదువు ముగించి కోవ్నో పట్టణమున ఉపాధ్యాయుడుగా నున్న కాలమునం దాతడు ‘జ్యాదీ’ రెండవ, నాల్గవ భాగములను రచించెను. అవి 1823లో విల్నాలో అచ్చుపడెను. అధికారులు నిర్బంధించి స్వదేశమునుండి పంపివేసిన తరువాత, 1832లో మూడవ భాగమును వ్రాసెను. మొదటి భాగము అసంపూర్ణముగనే మిగిలి కవి మరణానంతరము వెలువడెను. మనకిప్పుడు ప్రసక్తమైనవి రెండవ, నాల్గవ భాగములే.

‘జ్యాదీ’ యను పదమునకు తాతలు, పితరులు అని యర్థము. బిచ్చగాండ్రను నర్థము గూడ దానికి గలదు. ఈ శ్లేష నిరర్థకము కాదు. పోలండులో నవంబరు 1, 2 తేదీలు మృతుల దినములు. నేటికిని జనులు సకుటుంబముగా శ్మశానములకుబోయి సమాధులపై దీపములు వెలిగింతురు. పూర్వము పల్లెలలో ఆ దినములకై ప్రత్యేకముగా రొట్టెలు కాల్చి, చర్చివాకిటను శ్మశానద్వారమునను కూర్చున్న బిచ్చగాండ్రకు పంచి, మా మృతులకొరకు ప్రార్థింపుడని వేడుకొనెడివారు. ఇంటికి వచ్చిన ఆత్మలకు నొప్పి కలుగునేమోయని ఆ రాత్రి నూలు వడకుటయు, కడుగునీళ్లు వెలుపల పారబోయుటయు మానెడివారును గలరు. లిథువేనియా, బెలారూస్ సీమలలో క్రైస్తవమతమునకు పూర్వపుదైన క్రతువొకటి దీనితో గలసి నిలిచియుండెను. జనులు రాత్రివేళ శ్మశానసమీపమున నొక చిన్నగుడియందో పాడుపడిన యింటనో చేరి, అన్నపానములుంచి, ఆత్మలను బిలిచెడివారు. మతాచార్యులును భూస్వాములును దీనిని నిర్మూలింప యత్నించుటచేత అది చాటుమాటుగా జరుగుచుండెనని కవియే పీఠికలో దెల్పియున్నాడు.

రెండవ భాగమంతయు నీ క్రతువే. దీపములార్పి కిటికీలు మూసిన గుడిలో క్రతునాయకుడు మొదట తేలికయైన ఆత్మలను, పిమ్మట బరువైనవానిని, తుదకు మధ్యస్థములను బిలుచును. మొదట వచ్చువారు ఇద్దరు పసిబిడ్డలు. తల్లి గారాబమున కష్టమన నెరుగక చనిపోయిన ఆ బిడ్డలకు స్వర్గోద్యానము దొరికినను ఆనందము దొరకలేదు. వారడుగునది మధురపదార్థము గాదు, ఒక్కొక ఆవగింజ మాత్రమే. చేదు రుచిచూడనివారికి తీపియు తెలియదను తీర్పును పెద్ద యుపన్యాసముతో గాక రెండు గింజలతో ముగించుట యుత్తమకవి లక్షణము.

రెండవసారి వచ్చునది క్రూరుడైన యొక భూస్వామి ప్రేతము. వానికి స్వర్గాపేక్ష లేదు. ఈ యాకలికంటె నరకమే మేలని, గ్రుక్కెడు నీళ్లును రెండు గోధుమగింజలును చాలునని వేడుకొనును. పెట్టుటకు జనులు సిద్ధముగనే యున్నారు. కాని వానిని చుట్టుముట్టిన పక్షులు ఆ గింజలను నోటికందనీయవు. అందొక బొంతకాకి బ్రదికియున్ననాడు ఆకలిచే తోటలో పండ్లు కోసి, దొర యాజ్ఞచే చచ్చునట్లు కొట్టబడిన కూలివాడు. ఒక గుడ్లగూబ క్రిస్మసు ముందునాటి మంచులో చంటిబిడ్డతో బిచ్చమడిగి, గెంటివేయబడి, కొయ్యబారి చచ్చిన విధవ. మనుష్యత్వమెరుగని వానికి మనుష్యులు చేయగల సాయము లేదని సభ నిర్ణయించును. ఆ సీమలలో రైతుబానిసత్వము 1861 వరకును రద్దుకాలేదని జ్ఞప్తియందుంచుకొనినచో 1823లో నీ ఘట్టమును అచ్చువేయుటకెంత ధైర్యము కావలెనో తెలియగలదు. న్యాయస్థానమున కెక్కజాలని పేదవాని ఫిర్యాదును వినుటకు దేశములో మిగిలిన స్థలము పితృదినమొక్కటియే.

మూడవ ఆత్మ జోస్యా యను గొల్లపడుచు. ప్రక్కను గొఱ్ఱెపిల్లయు, తలపై నెగురు సీతాకోకచిలుకయు నామెకు తోడు. భూమిని కాళ్లతో తాకజాలక గాలిలో తేలుచు, తన చేతులుపట్టి క్రిందికి లాగుడని యువకులను బ్రతిమాలును. ఆమె చేసిన నేరమేమి? వరింపవచ్చిన యువకులను చూచి నవ్వి, ఎవ్వరిని వరింపకుండుట. ఇంకను రెండేండ్లు గాలిలో దిరుగవలెనని యామెకు శిక్ష. ఇచట కవి న్యాయము కుంటుపడినదని మేము నిస్సంకోచముగా జెప్పుచున్నాము. పేదలను చంపినవాడును, పెండ్లికి ఒడబడని పిల్లయు ఒక్క ధర్మాసనముముందు నిలువదగినవారు కారు. శిక్షలలో తారతమ్యము కలదనుట నిజమే. కాని నేరమే లేనిచోట స్వల్పశిక్షయు నన్యాయమే. సీతాకోకచిలుక ప్రేమయొక్క భారమెరుగని హృదయమునకు గుర్తుగా నెంత యందముగా నున్నను, కన్యకు తన మనస్సుపై నధికారము లేదను పాతమాటను అందము కప్పిపుచ్చజాలదు.

నాల్గవ భాగమునకు రంగస్థలము ఒక మతాచార్యుని యిల్లు, నవంబరు 2వ తేది రాత్రి. గుస్తావను యువకుడు వెఱ్ఱివానివలె ప్రవేశించును. అతడు ఆ యాచార్యుని పూర్వశిష్యుడు. భగ్నప్రేమచే చనిపోయినవాడని చదువరికి క్రమముగా తోచును. వాని ప్రేమప్రలాపము మితిమీరి సాగినదను దోషమును మేమొప్పుకొనకతప్పదు. కాని చివర వచ్చు సంవాదము ఆ దోషమునంతయు క్షమింపజేయును. ఈ యాచార్యుడు తన గ్రామమున పితృక్రతువును నిషేధించినవాడు. అతడు దుష్టుడు గాడు. పిల్లలను ప్రేమించువాడు, దయాళువు, జనులకు జ్ఞానము బోధించి మూఢవిశ్వాసములను పెకలించుట తన విధియని నమ్మినవాడు. ఒక్కమాటలో, మనవంటివాడు. గుస్తావు అతని నడుగునదొక్కటే: మా పితృదినమును మాకు తిరిగి యిమ్ము. ధనికుని శవమువెంట కూలికి నడచు పరివారముకంటె, నమ్మినబంటు తన పైసతో కొని వెలిగించిన వత్తి యెక్కువ వెలుగునిచ్చునని యతని వాదము.

ఆచార్యుడు నమ్మడు. అప్పుడు గుస్తావు అతని వ్రాతబల్లను జూపును. అందు కొయ్యదొలుచు పురుగొకటి టకటకలాడుచున్నది. అది పూర్వజన్మమున వడ్డీవ్యాపారియట. ఇప్పుడు మూడు ప్రార్థనలకొరకు బిచ్చమెత్తుచున్నది. బల్లలోనుండి నిజముగా కంఠము వినబడగా ఆచార్యుడు దిగ్భ్రాంతి నొందును. పిదప కొవ్వొత్తిచుట్టు దిరుగు శలభములు. లోకమున జ్ఞానమను కిరణము కనబడినచో నార్పివేసినవారే యట్లు పుట్టి, తాము ద్వేషించిన వెలుగునందే కాలుచున్నారట. అందు నల్లని పొట్టి శలభమొకటి గ్రంథములను పరిశీలించి నిషేధించిన మూర్ఖాధికారి.

కొయ్యపురుగు తలతో కొయ్యను కొట్టుట తన జంటను పిలుచుటకని ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శలభములు వెలుగువైపు వీపు త్రిప్పుకొను స్వభావముచే దీపముచుట్టు చిక్కుకొనునని ఇటీవలి పరిశోధన. ఈ సత్యములను మేము విడుచువారము గాము. కాని కవి చెప్పినది జంతుశాస్త్రము గాదు. వడ్డీవ్యాపారి చచ్చినను వాని లెక్క చావలేదనియు, ఆ లెక్క మన వ్రాతబల్లలోనే తొలుచుచున్నదనియు నతడు చెప్పినాడు. అంతకంటె సూక్ష్మమైన విషయమొకటి గలదు. మూఢత్వమును నిలుపగోరు గుస్తావే వెలుగు నార్పినవారిని శలభములుగా జూపుచున్నాడు. కావున ఈ కావ్యమున సంవాదము వెలుగునకును చీకటికిని గాదు. పేదవాని కన్నీటిని లెక్కించు వెలుగునకును, దానిని లెక్కింపని వెలుగునకును.

ఈ కావ్యబలము గ్రంథములోనే యుండిపోలేదు. 1968లో వార్సా నగరమున జాతీయనాటకశాలవారు ప్రదర్శించిన ‘జ్యాదీ’ని ప్రభుత్వము నిలిపివేసెను. జనవరి 30వ తేదిని కడపటి ప్రదర్శనము ముగియగనే విద్యార్థులు కవి విగ్రహమువద్దకు ఊరేగింపుగా నడచిరి. ఆ నల్లని శలభము జాతి యంతరింపలేదని అధికారులే ఋజువుచేసిరి.

మన యిండ్లలో కాకికి పిండము పెట్టువారును గలరు, మానినవారును గలరు. కాకిలో పితరుడున్నాడని నమ్మవలసిన యవసరము లేదు. కాని ఆచారము మానినవారు మరియొక ప్రశ్నను గూడ మానినచో అది సంస్కారము గాదు. చనిపోయిన మనవారు ఎవరికి బాకీపడిరి? ఎవరి యాకలి మన ధాన్యపుకొట్టులో దాగియున్నది? బాకీ తీర్చవలసినది పక్షికి గాదు, బ్రదికియున్న కూలివానికి, వాకిట నిలుచున్న విధవకు. పితృదినమున నింటిల్లిపాదియు గూర్చుండి యీ లెక్క చూచుకొనిన పక్షమున, మంత్రమున్నను లేకున్నను అది శ్రద్ధతో జేసినదే యగును. మిత్స్కియేవిచ్ కావ్యమునుండి మనము గ్రహింపదగినది ఇదియే.