ఆటస్థలం అంచున నిలబడ్డ అమ్మ

2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు నేను హన్మకొండలో పదో తరగతి చదువుతున్నాను. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమె. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. ఆ సాయంత్రం టీవీ ముందు కూచున్న మా మేనత్త ‘‘గా పిల్లను గంతదాన్ని జేసిన తండ్రికి దండం బెట్టాలె’’ అంది. అంతకు రెండేళ్ళ ముందు నేను స్కూలు తరఫున రెండువందల మీటర్ల పరుగుకి సాధన చేస్తుంటే ‘‘ఎండల ఉరికితే నల్లగైతవ్, రేపు నిన్నెవరు జేసుకుంటరు?’’ అన్నది కూడా ఆమే. అప్పుడు నాకు ఈ రెండు మాటల మధ్యా సంబంధం కనిపించలేదు. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేసి, పట్టా పుచ్చుకుని, చాలా కాలానికి సానియా ఆత్మకథ ‘ఏస్ అగైన్‌స్ట్ ఆడ్స్’ చేతిలోకి తీసుకున్నాకే కనిపించింది.

ఆ పుస్తకం 2016లో వచ్చింది. సానియాతో పాటు ఆమె తండ్రి ఇమ్రాన్ మీర్జా, శివానీ గుప్తా దాన్ని రాశారు. స్త్రీల ఆత్మకథలు చదివేటప్పుడు మనం మొదట వేసుకునే ప్రశ్న ‘ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు?’ అని. క్రీడాకారిణి ఆత్మకథ దగ్గర ఆ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. సానియా టెన్నిస్ మొదలుపెట్టింది ఆరేళ్ళ వయసులో. ఆరేళ్ళప్పటి జీవితం మనలో ఎవరికి పూర్తిగా గుర్తుంటుంది? ఇంట్లో పెద్దవాళ్ళు పదేపదే చెప్పగా విన్నదే మన జ్ఞాపకం అయిపోతుంది. అంటే విజేత కథలో అందరూ ఎంతో ఇష్టంగా చదివే ‘చిన్ననాటి తొలి అడుగులు’ అన్న అధ్యాయం నిజానికి ఆమె తల్లిదండ్రుల జ్ఞాపకం. అందువల్ల తండ్రి సహరచయిత కావడం సహజమే. మరి తల్లి?

సానియా ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి ఒకటుంది. మొదటిరోజు ఆమెని కోర్టుకి తీసుకెళితే కోచ్ మరీ చిన్నపిల్ల అని చేర్చుకోనన్నాడు. తల్లి నసీమా ఊరుకోలేదు. ఆయనతో వాదించి, పట్టుబట్టి చేర్పించింది. నెల తిరిగేసరికి ఆ కోచే కబురు చేసి, ఈ వయసులో ఇలా ఆడే పిల్లని తాను చూడలేదన్నాడు. ఆనాటి హైదరాబాదులో తాము ఆవుపేడతో అలికిన కోర్టుల మీద ఆడేవాళ్ళమని కూడా సానియా చెప్పుకుంది. ఇంత పేరొచ్చిన కథకి మొదటి మలుపు ఒక ఇల్లాలు ఆటస్థలం దగ్గర పెట్టుకున్న తగాదా. కానీ కథ ముందుకి సాగేకొద్దీ ఆ తగాదా ఒక ముచ్చటగా మిగిలిపోతుంది. కోచ్, ప్రణాళిక, టోర్నమెంట్లు, స్పాన్సర్లు అంతా తండ్రి చుట్టూ అల్లుకుంటుంది.

ఇది ఒక్క సానియా కథ కాదు. టెన్నిస్ ఆడపిల్లల చరిత్ర అంతా ‘దార్శనికుడైన తండ్రి’ కథగానే మనకి అందింది. స్టెఫీ గ్రాఫ్‌కి పీటర్, మోనికా సెలెస్‌కి కరోల్, మరియా షరపోవాకి యూరి, విలియమ్స్ అక్కచెల్లెళ్ళకి రిచర్డ్. వీనస్, సెరీనాలకి తల్లి ఒరసీన్ ప్రైస్ కూడా కోచే. తనూ ఆట నేర్చుకుని మరీ పిల్లలకి నేర్పింది. 2021లో ఆ కుటుంబం మీద సినిమా వస్తే దాని పేరు ‘కింగ్ రిచర్డ్’. ఇందుకు భిన్నంగా మార్టినా హింగిస్‌ని తీర్చిదిద్దింది ఆమె తల్లి మెలానీ మొలిటర్. 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ టైటిళ్ళు సానియా గెలిచింది ఆ హింగిస్‌తో కలిసే. ఒకే జంటలో ఒకరిది తండ్రి కథ, ఒకరిది తల్లి కథ.

మన దగ్గరా ఇదే తంతు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిని కూడా మొదట్లో బక్కపలచని పిల్ల, బరువులెత్తలేదని కోచ్ వెనక్కి పంపేస్తే, నీకు చేతనవుతుందని వెన్నుతట్టింది తల్లి శ్యామల. శ్రీకాకుళం పల్లెలోనూ, హైదరాబాదు నగరంలోనూ మొదటి గుమ్మం దగ్గర నిలబడి పోట్లాడింది తల్లులే. గుమ్మం దాటాక వాళ్ళ పేర్లు ఎక్కడికి పోతున్నాయి?

ఇక్కడ ఒక చొక్కా గురించి చెప్పాలి. 2005లో వింబుల్డన్‌కి వెళ్ళినప్పుడు సానియా వేసుకున్న టీషర్టు మీద, బుద్ధిగా మసలుకునే ఆడవాళ్ళు చరిత్ర సృష్టించడం అరుదు అనే అర్థం వచ్చే మాట ఉంది. ఆ ఏడాది ఆమె స్కర్టు పొడవు మీద మతపెద్దలు తీర్పులిస్తుంటే, ఆ చొక్కా మనకెంతో ధైర్యంగా కనిపించింది. నిజంగా ధైర్యమే. అయితే ఆ వాక్యం మూలం ఎక్కడుందో తెలిసినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. 1976లో లారెల్ థాచర్ ఉల్‌రిచ్ అనే అమెరికన్ చరిత్రకారిణి, ప్యూరిటన్ కాలపు భక్తురాళ్ళ మీద చదివిన అంత్యక్రియల ప్రసంగాల గురించి రాసిన వ్యాసంలోది అది. తిరగబడండి అని ఆమె పిలుపివ్వలేదు. ఇల్లు, పిల్లలు, ప్రార్థన అనుకుంటూ బతికిన ఆడవాళ్ళని చరిత్రకారులు పట్టించుకోలేదు కదా అన్నది ఆమె బాధ. చొక్కా మీదికి ఎక్కేసరికి ఆ వాక్యం తలకిందులైపోయింది. వాక్యం కూతురి ఒంటి మీదుంది. దాని అసలు అర్థం గ్యాలరీలో కూచున్న తల్లిది.

ఈ విమర్శ ఇంతటితో ఆపేస్తే మాత్రం నేను సానియాకి అన్యాయం చేసినట్టే. ముస్లిం ఆడపిల్ల ఆత్మకథ అనగానే మనలో చాలామందిమి ఒక తండ్రి కోసం వెతుకుతాం. పరదా వేయించే తండ్రి, చదువు మానిపించే తండ్రి. స్త్రీవాదులమైన మనకీ ఈ జాడ్యం లేకపోలేదు. సానియా ఆ తండ్రిని మనకి ఇవ్వలేదు. ఆమె పుస్తకంలో ఇల్లు ఆశ్రయం. అడ్డంకులన్నీ బయటివే. 2008లో జాతీయ జెండాని అవమానించిందన్న ఆరోపణ. 2012 ఒలింపిక్స్‌కి ముందు, అలిగిన సీనియర్ ఆటగాణ్ణి బుజ్జగించడానికి తనని ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగంగా నిలదీయాల్సి రావడం. 2014లో కొత్త తెలంగాణ రాష్ట్రం బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటిస్తే, ఒక శాసనసభ్యుడు ఆమెని పాకిస్తాన్ కోడలు అనడం. దేశం తన కూతురని ఒప్పుకోవడానికి ప్రతిసారీ రుజువులడిగిన స్త్రీకి, ఏ రుజువూ అడగని తండ్రి ఎంత బలమో ఊహించగలం. అతని పేరు అట్ట మీద ఉండటంలో ఒక రాజకీయం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసేయలేను.

అయినా తల్లి గురించిన ప్రశ్న నన్ను వదల్లేదు. ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది 1986లో, సానియా పుట్టిన ఏడాదే. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కూచోబెట్టి అడిగి, విని, అచ్చువేసిన పుస్తకం అది. అడిగితే తప్ప వాళ్ళ కథలు బయటికి రాలేదు. ఆటస్థలాల అంచున నిలబడ్డ తల్లుల్ని కూడా ఎవరో ఒకరు కూచోబెట్టి అడగాలి. ఆ కోచ్‌తో ఏమన్నావమ్మా? ఇంటికెళ్ళాక ఏమైంది? పిల్ల నల్లబడిపోతుంది, పెళ్ళెలా అవుతుందని చుట్టాలన్నప్పుడు నువ్వేం చెప్పావు? ఆ మాటలు తన తల్లిదండ్రులూ పడ్డారని సానియానే చెప్పింది.

ఇవన్నీ రాస్తూ రాస్తూ ఒకరోజు నా పరిశోధన గ్రంథం తీసి కృతజ్ఞతల పేజీ చదువుకున్నాను. నాన్న గురించి నాలుగు వాక్యాలున్నాయి. పుస్తకాలు కొనిచ్చారని, దిశ చూపారని, యూనివర్సిటీకి పంపారని. అమ్మ గురించి ఒకటే ఉంది: ‘ఓర్పుతో సహకరించిన అమ్మకి’. నా పరుగు రోజుల్లో కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరి, స్కూలు గ్రౌండు గోడ పక్కన వేపచెట్టు కింద నిలబడేది అమ్మ. సీసాలో నిమ్మకాయ నీళ్ళు ఉండేవి. మేనత్తకి తెలియకుండా ఉండాలని తిరిగొచ్చేటప్పుడు నిజంగానే కూరగాయలు కొనేది. పదో తరగతిలో చదువు పాడవుతుందని నాన్న పరుగు మానిపించినప్పుడు అమ్మ ఏమీ అనలేదని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న అడిగాను. ‘‘అన్నా బిడ్డా, వారం దినాలు మాటల్లేవు మా ఇద్దరికి. నీకు పరీక్షలని నీదాక రానియ్యలె’’ అంది. స్త్రీల ఆత్మకథల్లో మౌనాల గురించి మూడువందల పేజీలు రాసిన నేను, మా ఇంట్లో వారం రోజులు నడిచిన ఒక మౌనాన్ని వినలేదు.

సానియా 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాది ఈ పుస్తకం వచ్చినప్పుడు ఒక ప్రముఖ టీవీ జర్నలిస్టు, మీరు జీవితంలో ఎప్పుడు స్థిరపడతారు, తల్లి ఎప్పుడవుతారు అని అడిగాడు. ఆమె నిలదీసింది, అతను క్షమాపణ చెప్పాడు. 2018 అక్టోబరులో ఆమెకి కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగి వచ్చిన మొదటి టోర్నమెంటులోనే హోబర్ట్ డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో రోహన్ బోపన్నతో కలిసి తన చివరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడి ఓడిపోయినప్పుడు ఆ పిల్లాడు గ్యాలరీలో ఉన్నాడు. కొడుకు ముందు ఫైనల్ ఆడతానని ఎన్నడూ అనుకోలేదని ఆమె కన్నీళ్ళతో చెప్పింది. ఈసారి గ్యాలరీలో ఉన్నది బిడ్డ, ఆడుతున్నది తల్లి. ఈ అధ్యాయం పుస్తకంలో లేదు, అప్పటికే పుస్తకం ముగిసిపోయింది కాబట్టి. ఆమె మరోసారి రాస్తే, సహరచయితగా నసీమా పేరు చూడాలని నా కోరిక.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వేద్దామని ఒక ప్రచురణకర్త అడిగారు. దాన్ని దిద్దుతున్నాను. మొదట దిద్దింది కృతజ్ఞతల పేజీ. నాన్న వాక్యాలు నాలుగూ అలాగే ఉంచాను, అవి అబద్ధం కాదు. అమ్మ గురించిన వాక్యంలో ‘ఓర్పు’ అన్న మాట కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో అమ్మనే అడుగుతున్నాను. ‘‘గవన్నీ ఎందుకు రాస్తవ్’’ అంటోంది గానీ, ఒక్కో సంగతీ చెబుతూనే ఉంది.